క్యూబాలో మనం ఖర్చుపెట్టే డాలరు ఎవరి చేతికి చేరుతుంది?

సముద్రపుగాలి

క్యూబాకి ఏడు రాత్రుల ప్లాన్. హవానాలో నాలుగు, వరదేరో బీచిలో మూడు. ఏజెంట్ పంపిన ప్యాకేజీలో రెండుచోట్లా పెద్ద హోటళ్లే, బోర్డుమీద స్పెయిన్ కంపెనీల పేర్లు. తీరా చూస్తే ఆ కట్టడాల యజమాని క్యూబా సైన్యం చేతిలోని కంపెనీ అంటున్నారు. 2021 జూలై 11న తిండి, మందులు, స్వేచ్ఛ కావాలని రోడ్డెక్కినవాళ్లలో వందలమందిని జైల్లో వేసిన ప్రభుత్వం అది. దానికి గది అద్దె కట్టి సముద్రం చూసి రావాలంటే మనసు ఒప్పట్లేదు. అలాగని మానేస్తే అక్కడి మామూలు జనానికి ఒరిగేదీ కనబడట్లేదు.

డబ్బు ఏ దారిన ఎవరికి వెళ్తుందో, అందులో మన చేతిలో ఉన్నదెంతో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. బృందంలో ఇద్దరు హెచ్-1బి మీద అమెరికాలో ఉంటున్నారు, ముగ్గురు భారత్ నుంచి వస్తారు. అందరివీ భారతీయ పాస్‌పోర్టులే. ఆ ఇద్దరికీ వేరే నిబంధనలున్నాయా?

కొలిమి

వెళ్లకండి. అక్కడ ఏ డాలరైనా రెండు మూడు చేతులు మారి ప్రభుత్వ దుకాణంలోకే చేరుతుంది. మంచి హోటల్, చెడ్డ హోటల్ అని ఎంచుకోవడం మన మనశ్శాంతి కోసమే తప్ప వాళ్లకి పనికిరాదు.

పాతపటం

కొలిమి గారు తొందరపడ్డారు. ముందు హోటళ్ల యాజమాన్యం సంగతి చూద్దాం.

సైన్యం చేతిలో ఉన్న వ్యాపార సమూహం పేరు గాయేసా. దాని పర్యాటక విభాగం గవియోతా, 1988లో మొదలైంది. ఇప్పుడు దేశంలో అతిపెద్ద హోటల్ యజమాని అదే. కుబనకాన్, గ్రాన్ కరీబే, ఇస్లాసుల్ అనేవి కూడా ప్రభుత్వానివే కానీ పర్యాటక మంత్రిత్వ శాఖ కింద ఉంటాయి. బోర్డుమీద కనబడే మెలియా, ఇబెరోస్టార్, కెనడావాళ్ల బ్లూ డైమండ్ ఎక్కువచోట్ల నడిపేవాళ్లు మాత్రమే. భవనం ప్రభుత్వానిది, నిర్వహణ రుసుము వాళ్లది. మెలియా 1990లో వరదేరోలో సోల్ పామెరాస్‌తో వచ్చింది. ప్రారంభించింది ఫిడెల్ కాస్ట్రోనే.

గాయేసా అంటే హోటళ్లొక్కటే కాదు. డాలర్ దుకాణాలు (విదేశీ ద్రవ్యంలో అమ్మేవి), పెట్రోలు బంకులు, బయటినుంచి కుటుంబాలకు వచ్చే డబ్బును పంచే సంస్థ, ఒక బ్యాంకు, అన్నీ దాని కిందే. దేశపు ఆడిట్ అధిపతి 2024లో ఒక ఇంటర్వ్యూలో గాయేసా లెక్కలు తన పరిధిలోకి రావని చెప్పారు. ప్రభుత్వ సొమ్మును తనిఖీ చేసే అధికారే ఆ పుస్తకం తెరవలేరంటే ఇంక హోటల్ లాభం బడికి పోయిందా బారక్‌కు పోయిందా అన్నది ఎవరు చెప్పగలరు?

మల్లెపందిరి

పాత హవానాలో వీధులు బాగుచేసింది పర్యాటకుల డబ్బుతోనే కదా? యునెస్కో గుర్తింపు ఉన్న ప్రాంతం. అదంతా సైన్యం ఖాతాలోకి ఎలా వేస్తారు?

పాతపటం

మంచి ప్రశ్న. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బాధగా అనిపించే భాగం అదే.

పాత హవానా 1982లోనే యునెస్కో జాబితాకెక్కింది. సోవియట్ యూనియన్ కూలి డబ్బు ఎండిపోయాక 1993లో ఒక ప్రత్యేక ఉత్తర్వుతో నగర చరిత్రకారుడి కార్యాలయానికి, అంటే యుసేబియో లియాల్‌కి, సొంతంగా సంపాదించి సొంతంగా ఖర్చుపెట్టే అధికారం ఇచ్చారు. 1994లో హబగ్వానెక్స్ అనే కంపెనీ పుట్టింది. పాత భవనంలో హోటల్ పెట్టు, వచ్చిన డాలర్లతో పక్క భవనం పైకప్పు నిలబెట్టు. అదే సూత్రం. చౌకులు, వీధులతోపాటు బళ్లు, వృద్ధులకు, బాలింతలకు కేంద్రాలు కూడా ఆ డబ్బుతోనే నడిచాయి. ఒక పేటలో సంపాదించింది ఆ పేటలోనే తిరిగేది.

2016లో హబగ్వానెక్స్‌ని తీసుకెళ్లి గాయేసాలో కలిపేశారు. హోటళ్లవే, గోడలవే, యాత్రికుడు తాగే కాఫీ కూడా అదే. డబ్బు దారి మాత్రం మారిపోయింది. 2010లో ఎవరో రాసిన "పాత హవానా హోటల్లో ఉండండి, మీ డబ్బు భవనాల మరమ్మతుకి వెళ్తుంది" అన్న సలహాలు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. వాటిని నమ్మొద్దు.

లెక్కలపద్దు

యాజమాన్యం ఒక సంగతి, జీతం ఇంకో సంగతి. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

1995 విదేశీ పెట్టుబడుల చట్టం నుంచీ సాధారణంగా నడిచిన పద్ధతి ఏమిటంటే, విదేశీ కంపెనీ క్యూబా కార్మికుణ్ణి నేరుగా పెట్టుకోదు. ప్రభుత్వ నియామక సంస్థ మనిషిని పంపుతుంది. కంపెనీ ఆ సంస్థకు విదేశీ ద్రవ్యంలో కడుతుంది, సంస్థ కార్మికుడికి పెసోల్లో ఇస్తుంది. మధ్యలో మారకం రేటు దగ్గరే జీతం కరిగిపోతుంది. 2014లో మారియెల్ రేవు ప్రత్యేక ఆర్థిక ప్రాంతానికి కాస్త మెరుగైన లెక్క పెట్టారు. బజారులో కన్వర్టిబుల్ పెసోకి (అప్పట్లో డాలరుతో సమానంగా లెక్కగట్టిన రెండో కరెన్సీ) 24 మామూలు పెసోలు వస్తుంటే అక్కడి కార్మికుడికి 10 చొప్పున లెక్కగట్టారు. మెరుగైన లెక్కే అలా ఉంది!

దీనికి మన దేశానికీ ఒక లింకుంది. హవానా నడిబొడ్డున గ్రాన్ హోటల్ మంసానా కడుతున్నప్పుడు ఫ్రాన్స్ కంపెనీ బుయీగ్ 2016లో వందమందికి పైగా భారతీయ కార్మికుల్ని తెచ్చింది. యజమాని గవియోతా. అదే పనికి మనవాళ్లకి వచ్చే జీతం పక్కనున్న క్యూబా మేస్త్రీ జీతానికి ఎన్నో రెట్లు. కారణం నైపుణ్యంలో తేడా మాత్రమే అనుకోవద్దు. నెలకి పదుల డాలర్ల విలువ చేసే జీతం చేతికొస్తుంటే మంచి మేస్త్రీ ప్రభుత్వ సైటులో ఎందుకుంటాడు? బయట ప్రైవేటు పనికి పోతాడు, లేదా దేశమే వదిలిపోతాడు.

అందుకే హోటల్లో ఉంటే బిల్లు ఎంత పెద్దదైనా మీ గది ఊడ్చిన మనిషికి చేరేది మీరు చేతిలో పెట్టే టిప్పే. రోజూ పెట్టండి, చివరి రోజున ఒకేసారి కాదు. షిఫ్టులు మారుతుంటాయి, చివరి రోజు వచ్చిన మనిషి వేరే అయ్యుండొచ్చు.

సముద్రపుగాలి

జీతం సంగతి నాకు అసలు తెలియదు, ధన్యవాదాలు. అయితే హోటల్ మాని ఇళ్లలో ఉండే పద్ధతి ఉందంటున్నారు కదా, కాసా అని. అది నిజంగా ప్రైవేటేనా?

చెరకుతోట

నిజంగానే ప్రైవేటు. కాసా పార్టికులార్ అంటారు, 1997లో చట్టబద్ధం చేశారు. గుర్తు ఏంటంటే తలుపు మీద నీలిరంగు బొమ్మ, చూడ్డానికి లంగరులా ఉంటుంది. నీలం ఉంటే విదేశీయులకు అద్దెకిచ్చే అనుమతి ఉన్నట్టు. ఎరుపు ఉంటే స్థానికులకు మాత్రమే. ఎరుపు గుర్తున్న ఇంట్లో దిగితే చిక్కు మీకన్నా ఆ ఇంటివాళ్లకే ఎక్కువ. జరిమానా, లైసెన్సు పోవడం వాళ్ల నెత్తినే పడుతుంది.

జరిగే తీరు ఇదీ. దిగగానే పాస్‌పోర్టు, వీసా అడుగుతారు. వివరాలు రిజిస్టరులో రాసి 24 గంటల్లోపు ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాలి, అది వాళ్ల విధి. అనుమానంగా చూడకండి, పాస్‌పోర్టు ఇవ్వను అని పేచీ పెట్టకండి. గది సాధారణంగా 25 నుంచి 40 డాలర్లు, ఉదయం టిఫిన్ 5 డాలర్ల చుట్టుపక్కల. బుకింగ్ సైటులో కట్టినా టిఫిన్, రాత్రి భోజనం, బట్టలు ఉతకడం లాంటివి నగదుగా వాళ్ల చేతికే ఇవ్వండి. ఇంటివాళ్లకి నికరంగా మిగిలేది అందులోనే.

ఇంటి యజమాని పన్ను కూడా తక్కువేం కాదు. గది ఖాళీగా ఉన్నా నెలకట్టు కట్టాల్సిన పద్ధతి మొదటినుంచీ ఉంది. ఏడాది చివర ఆదాయపు పన్ను, పై అంచెలో 50 శాతం దాకా.

కొలిమి

చూశారా, మీరే చెప్పారు. పన్ను రూపంలో ప్రభుత్వానికే. పైగా ఆ ఇంటావిడ గుడ్లు, నూనె, సబ్బు ఎక్కడ కొంటుంది? డాలర్ దుకాణంలో. దుకాణం ఎవరిది? గాయేసాది. నేను మొదట చెప్పింది ఇదే.

లెక్కలపద్దు

కొలిమి గారు చెప్పింది తప్పు కాదు, సగం లెక్క. రాత్రికి 150 డాలర్లు హోటల్‌కి కడితే నిర్వహణ రుసుము పోను మొత్తం మొదటి చేతిలోనే ప్రభుత్వానిది, అక్కడినుంచి కార్మికుడికి కొన్ని పెసోలు దిగుతాయి. 35 డాలర్లు కాసాకి కడితే మొదటి చెయ్యి ఆ ఇల్లాలిది. అందులో కొంత పన్నుకి, కొంత దుకాణానికి పోతుంది. మిగతాది వంటమనిషికి, పనిపిల్లకి, నల్లా బాగుచేసేవాడికి, సంత కూరగాయలకి. మొత్తం ఎంత ప్రభుత్వానికి చేరుతుందన్నది ఒక్కటే చూడకండి. ఎవరి నిర్ణయం మీద ఖర్చవుతుందన్నది కూడా చూడండి. ఆ ఇల్లాలు డాలర్లు దాచుకుని కొడుకుని దేశం దాటించొచ్చు, ఇంకో గది కట్టుకోవచ్చు. ప్రభుత్వం ఆ డాలరుతో ఇంకో హోటల్ కడుతుంది.

ఇంకో హోటల్ అన్నది ఊరికే అన్న మాట కాదు. పర్యాటకులు 2018లో సుమారు 47 లక్షలు, 2024లో 22 లక్షలు. సగానికి పైగా పడిపోయారు. అయినా హవానాలోని వెదాదో పేటలో 23వ వీధి, కె వీధి కలిసేచోట 42 అంతస్తుల హోటల్ కట్టి 2025 ఫిబ్రవరిలో తెరిచారు. గదులు 594. అంతకు నాలుగు నెలల ముందే, 2024 అక్టోబరు 18న, దేశం మొత్తానికీ కరెంటు పోయింది. జాతీయ గణాంక సంస్థ సొంత లెక్కల్లోనే హోటళ్లు, స్థిరాస్తి మీద పెట్టుబడి వ్యవసాయం మీద పెట్టినదానికి ఎన్నో రెట్లు. తిండిగింజలు దిగుమతి చేసుకునే దేశంలో!

మల్లెపందిరి

ఖాళీ గదులు పెట్టుకుని ఇంకా కట్టడమేంటండీ? లాభం కోసం కాకపోతే ఎందుకు కడతారు?

పాతపటం

లెక్కలు బయటికి రాని సంస్థ కాబట్టి ఖాయంగా ఎవరూ చెప్పలేరు. కానీ ఎవరు నిర్ణయిస్తారో వాళ్లని అడిగే పార్లమెంటూ లేదు, పత్రికా లేదు. నిరంకుశ పాలనలో నష్టం వచ్చే పెట్టుబడిని ఆపే చెయ్యి ఉండదు. నాకు తోచిన కారణం అదే.

తెల్లకాగితం

అసలు ఈ ప్రభుత్వం పర్యాటకుణ్ణి ఎప్పుడూ ఇష్టపడి పిలవలేదు. 1959 విప్లవానికి ముందు హవానా అంటే అమెరికా మాఫియా కాసినోలు. 1946 డిసెంబరులో హోటల్ నాసియొనాల్‌లో మాఫియా పెద్దలు సమావేశమయ్యారు. 1958 మార్చిలో తెరిచిన హవానా హిల్టన్‌ని ఏడాది తిరక్కుండానే కాస్ట్రో తన మకాం చేసుకున్నాడు, తర్వాత హబానా లిబ్రే అని పేరు మార్చాడు. విదేశీ పర్యాటకం అంటే విప్లవానికి అవమానం అన్న భావం అక్కణ్ణుంచే. 1991 తర్వాత గతిలేక తలుపు బార్లా తెరిచారు. తెరిచి, మధ్యలో గోడ కట్టారు. 2008 మార్చి 31 దాకా క్యూబా పౌరుడు తన దేశంలోని పర్యాటక హోటల్లో గది తీసుకోవడానికి వీల్లేదు, చేతిలో డాలర్లున్నా సరే. ఆ గోడ కట్టడంలో డబ్బు కన్నా భయం ఎక్కువ. బయటివాడి మాట, బయటివాడి జీతం, బయటివాడి పత్రిక చెవిన పడతాయని.

ఇప్పటికీ విదేశీయుడితో నడుస్తున్న స్థానిక కుర్రాణ్ణి పోలీసు ఆపి గుర్తింపు కార్డు అడగడం మామూలే. మిమ్మల్ని ఏమీ అనడు, అతణ్ణి అంటాడు. అలా ఆపితే పెద్దగొంతుతో వాదించకండి. మీరు వెళ్లిపోయాక అతను ఆ పేటలోనే ఉండాలి.

నిబంధన515

అమెరికాలో ఉండే ఇద్దరి సంగతి. ఇది చాలామంది తప్పు చేసే చోటు. "నాది భారతీయ పాస్‌పోర్టు, అమెరికా ఆంక్షలు నాకేం?" అంటారు. ఆంక్షల నిబంధనలు పాస్‌పోర్టుని ఒక్కదాన్నే కాదు, నివాసాన్నీ చూస్తాయి. పౌరులు, గ్రీన్‌కార్డువాళ్లు, అమెరికాలో నివసించేవాళ్లు అందరికీ వర్తిస్తాయి. హెచ్-1బి మీద ఉంటున్నవాళ్లూ అందులోకే వస్తారు. మెక్సికో మీదుగా వెళ్లినా తేడా లేదు.

వాళ్లకి ఉత్త పర్యాటకం నిషిద్ధం. అనుమతించిన కారణాలు 12 రకాలు, వ్యక్తిగతంగా వెళ్లేవాళ్లు ఎక్కువగా వాడేది "క్యూబా ప్రజలకు మద్దతు" అన్న విభాగం, సెక్షన్ 515.574. ముందస్తు దరఖాస్తు లేదు, విమానం దగ్గర ఏ విభాగమో చెప్పాలి. కానీ షరతులు నిజమైనవి:

రోజంతా నిండే కార్యక్రమం ఉండాలి. ప్రైవేటు ఇంట్లో దిగడం, ప్రైవేటు రెస్టారెంటులో తినడం ఒక్కటే చాలదు. 2017 నవంబరునుంచి దానికి అదనంగా పనులు చూపించాలి. స్వతంత్ర చిత్రకారుల స్టూడియో, ప్రైవేటు వంట తరగతి, చిన్న వ్యాపారులతో మాట్లాడటం, అలాంటివి. బీచిలో తీరిగ్గా గడపడం అందులోకి రాదు. కాబట్టి వరదేరో మూడు రాత్రులు ఆ ఇద్దరి ప్లాన్‌లోంచి తీసేయండి.

గాయేసా, గవియోతా హోటళ్లు అమెరికా విదేశాంగ శాఖ నిషేధ జాబితాలో ఉన్నాయి. దిగకూడని వసతుల జాబితా 2020 సెప్టెంబరునుంచి వేరేగా ఉంది, అందులో నాలుగొందలకు పైగా పేర్లున్నాయి. బుక్ చేసేముందు ఆ రెండూ తెరిచి చూడాలి. కొన్ని కాసాల పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, కాసా కదా అని వదిలేయొద్దు.

రసీదులు, రోజువారీ కార్యక్రమం కాగితం 10 ఏళ్లు దాచాలి. ఇదివరకు 5 ఏళ్లుండేది, 2025 మార్చినుంచి పదేళ్లు చేశారు. రమ్ము, చుట్టలు వెంట తేవద్దు, 2020 సెప్టెంబరునుంచి బంద్.

చెరకుతోట

ఇది కాగితంమీది నిబంధనేగా, ఎవరు అడుగుతారు అని అనుకునేవాళ్లకి: 2022 జనవరిలో ఎయిర్‌బీఎన్‌బీ చెల్లింపుల విభాగం ఇలాంటి క్యూబా లావాదేవీల మీదే అమెరికా ఖజానా శాఖకి 91 వేల డాలర్లకు పైగా కట్టింది. అతిథులు ఏ విభాగం కింద వచ్చారో రికార్డు సరిగ్గా పెట్టకపోవడం అందులో ఒక భాగం.

సముద్రపుగాలి

భారత్ నుంచి వచ్చే ముగ్గురికి ఇవేవీ లేవన్నమాట. క్యూబా వెళ్తే అమెరికా ఎస్టా (వీసా లేకుండా వెళ్లే అనుమతి) పోతుందని ఎక్కడో చదివాను, అది?

నిబంధన515

అది వీసా లేకుండా అమెరికా వెళ్లగలిగే యూరప్, జపాన్‌లాంటి దేశాలవాళ్ల సమస్య. 2021 జనవరి 12న క్యూబాని ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో చేర్చాక, ఆ తేదీనుంచి క్యూబా వెళ్లినవాళ్లకి ఎస్టా రాదు, వీసా తీసుకోవాలి. భారతీయులు ఎలాగూ వీసాతోనే వెళ్తారు కాబట్టి వర్తించదు. యూరప్ పర్యాటకులు తగ్గడానికి మాత్రం ఇదో కారణం.

మీ ముగ్గురికి కావలసినవి: క్యూబా ఇ-వీసా, ప్రయాణ వైద్య బీమా (2010 మేనుంచి తప్పనిసరి), డి-వియాహెరోస్ ఆన్‌లైన్ ఫారం. ఫారం దిగేరోజుకి ముందు వారంలో నింపి క్యూఆర్ కోడ్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ప్రింటు కూడా ఉంచుకోండి. అక్కడ దిగాక నెట్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కాసా పేరు, చిరునామా ఫారంలో అడుగుతారు.

లెక్కలపద్దు

ఇక డబ్బు మార్పిడి. మోసం జరిగేదీ, తెలియక ప్రభుత్వానికి అప్పనంగా ఇచ్చేదీ ఇక్కడే.

కొంచెం వెనక్కి వెళ్తే, 1993లో డాలరుని చట్టబద్ధం చేశారు, 1994లో కన్వర్టిబుల్ పెసో తెచ్చారు, 2004లో డాలరుని దుకాణాల్లోంచి తీసేసి మార్పిడి మీద 10 శాతం కోత వేశారు. 2021 జనవరి 1న కన్వర్టిబుల్ పెసోని రద్దుచేసి డాలరుకి 24 పెసోలన్నారు. బజారు ఒప్పుకోలేదు. 2022 ఆగస్టులో ప్రభుత్వ మార్పిడి కేంద్రాల్లో 120 చేశారు. 2025లో బయట 400 దాటినప్పుడు కూడా డిసెంబరు దాకా ప్రభుత్వ రేటు 120 దగ్గరే కూర్చుంది.

దీని అర్థం అప్పటి రేట్లతో చేతిలెక్కలో చూడండి. భోజనం 4,000 పెసోలు. 120 రేటుతో కార్డు గీకితే 33 డాలర్లు. 400 రేటు ఇచ్చే రెస్టారెంటులో నగదు ఇస్తే 10 డాలర్లు. మధ్యలో ఉన్న 23 డాలర్లు ఎవరికి పోయాయో వేరే చెప్పక్కర్లేదు.

వీధిలో "చేంజ్, చేంజ్" అని పిలిచేవాడి దగ్గరికి మాత్రం పోకండి. అది చట్టవిరుద్ధం, పైగా నోట్లు లెక్కపెట్టేటప్పుడే మోసం. రద్దయిన కన్వర్టిబుల్ పెసో నోట్లు అంటగట్టే ప్రయత్నాలూ ఉంటాయి. నోటుమీద "పెసోస్ కన్వర్టిబుల్స్" అని ఉంటే అది చిత్తుకాగితమే. అంతకన్నా తేలిక, ధర డాలర్లలోనో యూరోల్లోనో చెప్పమని కాసావాళ్లని, ప్రైవేటు రెస్టారెంటువాళ్లని అడిగి నేరుగా అదే కట్టేయడం. ఆ రోజు రేటు ఎంతో తెలియాలంటే ఎల్‌టోకే అనే స్వతంత్ర వార్తా సంస్థ రోజూ ప్రకటిస్తుంది.

అమెరికా బ్యాంకుల కార్డులు పనిచేయవు. భారతీయ బ్యాంకు కార్డు మీదా ఆధారపడొద్దు. మొత్తం ఖర్చుకి సరిపడా నగదు, ఇంకో పావువంతు అదనంగా. 1, 5, 10, 20 నోట్లు ఎక్కువగా. చిరిగినవి, పెన్నుగీతలున్నవి తీసుకోరు, ఎందుకంటే వాళ్ల దగ్గర బ్యాంకూ తీసుకోదు.

దారిదీపం

రెస్టారెంటు ప్రైవేటో ప్రభుత్వానిదో తెలుసుకోవడం ఎలా అంటే, ప్రైవేటువాటిని పలదార్ అంటారు. తొంభైల్లో అనుమతించినప్పుడు 12 కుర్చీలకు మించకూడదని పరిమితి. 2010 తర్వాత 20, ఆపైన 50. 2021నుంచి వందమంది ఉద్యోగుల దాకా ప్రైవేటు కంపెనీలు పెట్టుకోవచ్చు, పదకొండు వేలకు పైగా వచ్చాయి. యజమాని తిరుగుతుంటాడు, మెనూలో ఉన్నది దొరుకుతుంది, లేనిదాన్ని గీత కొట్టేసి ఉంటుంది. అలా ఉంటే దాదాపు ప్రైవేటే.

కొలిమి

ఆ పదకొండు వేలలో పాలకుల బంధువులవి ఎన్నో ఎవరికి తెలుసు? పైగా వాళ్లు సరుకు దిగుమతి చేసుకోవాలన్నా ప్రభుత్వ దిగుమతి సంస్థ ద్వారానే చేసుకోవాలి.

దారిదీపం

రెండోది నిజం, కమీషన్ పోతుంది. మొదటిది కొన్నిచోట్ల నిజం కావచ్చు. కానీ మూలమీద నాలుగు బల్లలు వేసుకుని అన్నం-నల్లచిక్కుళ్లు పెట్టే దంపతుల్ని ఆ అనుమానంతో దాటిపోవడం న్యాయం కాదు. పెద్ద హంగులున్నవాటిని వదిలి చిన్నవాటికి వెళ్లండి, ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

తెల్లకాగితం

ఇంకో ముఖ్యమైన సంగతి, సాయం చేయాలన్న ఉత్సాహం గురించి. స్వతంత్ర విలేఖరులకో, ఉద్యమకారులకో డబ్బు అందిద్దాం అనుకునేవాళ్లుంటారు. దయచేసి వద్దు. 2022 డిసెంబరు 1నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో 143వ అధికరణం ఉంది. రాజ్యానికి వ్యతిరేకమైన పనులకోసం విదేశీ నిధులు అందుకున్నారని తేల్చితే 4 నుంచి 10 ఏళ్ల జైలు. మీరు ఇచ్చేది 50 డాలర్లు, అవతలి మనిషికి పోయేది జీవితం.

ఈ భయానికి అమెరికా కూడా మేత వేసింది, అది దాచక్కర్లేదు. 2009 డిసెంబరులో అలన్ గ్రాస్ అనే అమెరికా సహాయ సంస్థ కాంట్రాక్టరుని ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరాలతో పట్టుకున్నారు. 15 ఏళ్ల శిక్ష వేసి 2014 డిసెంబరులో వదిలారు. అదే సంస్థ సున్సునేయో అని ఎస్సెమ్మెస్‌తో నడిచే ఒక నెట్‌వర్క్‌ని తన పేరు లేకుండా నడిపింది. లాటిన్ అమెరికా యువకుల్ని యాత్రికుల వేషంలో పంపి హెచ్ఐవి అవగాహన శిబిరం ముసుగులో జనాన్ని సమీకరించాలని చూసింది. రెండూ 2014లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ఆ శిబిరానికి నిజంగా ఆరోగ్యం కోసం వచ్చినవాళ్ల మీద ఎంత అనుమానం పడుంటుందో ఆలోచించండి. అప్పటినుంచి ప్రశ్నలెక్కువ అడిగే యాత్రికుడెవరైనా అక్కడి అధికారికి ఏజెంటులాగే కనిపిస్తాడు.

ఆచరణలో: డ్రోన్ తీసుకెళ్లకండి, విమానాశ్రయంలో ఆపేస్తారు. ఉపగ్రహ ఫోన్, స్టార్‌లింక్, వాకీటాకీ అసలే వద్దు. పోలీసుల్ని, సైనిక భవనాల్ని, క్యూల దగ్గర గొడవల్ని ఫొటో తీయొద్దు. పర్యాటక వీసా మీద ఇంటర్వ్యూలు రికార్డు చేయొద్దు, విలేఖరులకి వేరే వీసా ఉంది. రాజకీయం మీరు ఎత్తకండి. వాళ్లే ఎత్తితే వినండి, పేర్లు రాసుకోకండి, ఇంటికొచ్చాక కూడా ఫొటోతో పాటు వాళ్ల మాట పోస్టు చేయకండి.

మల్లెపందిరి

సాయం అంటే వస్తురూపంలో ఏం తీసుకెళ్లొచ్చు?

చెరకుతోట

మందులు, తిండి, సబ్బు-పేస్టులాంటివి. జూలై 11 నిరసనల తర్వాత వీటిమీద దిగుమతి సుంకం ఎత్తేశారు, గడువు ముగిసినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. వెళ్లేముందు అమల్లో ఉందో లేదో చూసుకోండి. వీటిని వేరే సంచీలో పెట్టాలి, మిగతా సామానుతో కలిపితే తూకం దగ్గర పేచీ వస్తుంది. పారాసెటమాల్, యాంటీబయాటిక్ లేపనం, ఓఆర్ఎస్, బీపీ మాత్రలు, కుట్టుసూదులు, ఏఏ బ్యాటరీలు, రీచార్జి టార్చిలైట్లు. కరెంటు కోతలున్నచోట టార్చి అన్నిటికన్నా విలువైంది. మందులు అసలు ప్యాకెట్లలోనే ఉంచండి, స్పానిష్‌లో పేరు, మోతాదు చీటీ రాసి అంటించండి. వీధిలో పిల్లలకి పంచకండి. కాసా ఇల్లాలికి ఇస్తే ఆ వీధిలో ఎవరికి ఏది కావాలో ఆవిడకి తెలుస్తుంది.

పాతపటం

విదేశీ ప్రభావం అంటే అమెరికా ఒక్కటే అనుకోవద్దు. ఇప్పుడు రష్యా మీర్ బ్యాంకు కార్డులు అక్కడ నడుస్తాయి, చైనావాళ్లకి 2024 మేనుంచి వీసా అక్కర్లేదు. క్యూబా జనం గురించి ఏ ప్రశ్నా అడగని పర్యాటకులు కావాలని ప్రభుత్వం వెతుక్కుంటోంది.

సముద్రపుగాలి

అందరి మాటా విని ప్లాన్ మార్చాం. ప్యాకేజీ రద్దు. అయిదుగురం హవానాలో రెండు కాసాలు, నీలిగుర్తు చూసి, జాబితాలో పేరు లేదని సరిచూసి. అమెరికా ఇద్దరూ నాలుగు రాత్రులుండి తిరిగి వెళ్తారు, వాళ్లకి రోజువారీ కార్యక్రమం కాగితం రాస్తున్నాం. మిగిలిన ముగ్గురం బీచికి. వరదేరోలో కూడా కాసాలుంటాయా?

దారిదీపం

ఊరి భాగంలో ఉంటాయి, హోటళ్ల కొసవైపు కాదు. బీచి అంతా ఒకటే, అందరిదీ. హవానానుంచి 140 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు, కానీ వియాసుల్ బస్సు ప్రభుత్వానిది, ఇంధనం లేక రద్దవుతుంటుంది. అంతదూరం ఎందుకనుకుంటే గ్వానబో ఉంది. హవానాకి తూర్పున సుమారు పాతిక కిలోమీటర్లు, ఊరినిండా కాసాలు, వారాంతంలో హవానా కుటుంబాలన్నీ అక్కడికే వస్తాయి. వరదేరోలో ఇసుక ఇంకా తెల్లగా ఉంటుంది. గ్వానబోలో మాత్రం క్యూబావాళ్ల మధ్య కూర్చుంటారు.

కొలిమి

వెళ్లొద్దన్న నా మాట మారదు. కానీ వెళ్లేదే ఖాయమైతే గ్వానబో మేలు.

లెక్కలపద్దు

కాసాకి అడ్వాన్సు సైటులో ఒక్కరాత్రిదే కట్టి మిగతాది చేతికిస్తానని ముందే మాట్లాడుకోండి. వెళ్లేముందు వారం ఫోన్ చేసి నీళ్ల ట్యాంకు, కరెంటు కోత వేళలు, వంటగ్యాసు ఉందా అని అడగండి. గ్యాసు లేకపోతే భోజనం ఆ ఇంట్లో కుదరదు, పక్కింటి పలదార్ ఏదో వాళ్లనే చెప్పమనండి.

నిబంధన515

ఆ ఇద్దరికి చివరిగా ఒకటి. చేతికిచ్చిన నగదుకి కూడా రసీదు రాయించుకోండి. తేదీ, రాత్రుల సంఖ్య, మొత్తం, ఇంటి లైసెన్సు నంబరు. కాసావాళ్లకి అలవాటే, అడిగితే నోటుపుస్తకంలో కాగితం చింపి రాసిస్తారు. ఫొటో తీసి ఉంచుకోండి, వేడికి సిరా చెరిగిపోతుంది.